జమ్‌జమ్ నీళ్ల బరువు

కెప్టెన్ మొఖ్తార్‌కు కోపం ముక్కు మీదే ఉంటుందని ఖసంతీనా నగరంలో తెలియనివాళ్లు లేరు. పెళ్లి ఊరేగింపులో కారు కిటికీలోంచి సగం బయటికి వేలాడే కుర్రాళ్లు కనిపిస్తే తన కారు అడ్డం పెట్టి మరీ తిడతాడు. తూకంలో వేలు పెట్టే ఖర్జూరాల వ్యాపారి ఆయన్ని చూడగానే వేలు వెనక్కి తీసుకుంటాడు. ఆయన భార్య జహోర్ మాత్రం, మా ఆయన ఆకాశంలో మహా శాంతమూర్తి, ఈ గోలంతా నేల మీదేనని నవ్వేది.

ఆమె అన్నది నిజమే. ఇరవై ఏళ్లకు పైగా విమానాలు నడిపి, ఎందరో కుర్రాళ్లకు ఆ పని నేర్పిన మనిషి, పైలట్ గదిలో గొంతు పెంచిన రోజు లేదు. నేర్పేటప్పుడు ఒకటే మాట చెప్పేవాడు. విమానాన్ని గాల్లోకి లేపడం ఎవరికైనా నేర్పొచ్చు, లేపకూడనప్పుడు లేపనని చెప్పడమే అసలు పని. అందుకే బరువు కాగితం మీద చివరి సంతకం కంపెనీది కాదు, కెప్టెన్‌ది. ఎంత బరువుకు ఎంత వేగంలో ముక్కు లేపాలో, ఒక ఇంజన్ చెడితే రెండోదానితో పైకి వెళ్లగలమో లేమో అంతా ఆ లెక్క మీదే ఉంటుంది. లెక్క తప్పితే చక్రాలు నేల వదలకముందే రన్‌వే అయిపోతుంది.

ఆ ఏడు హజ్ ముగిశాక యాత్రికులను జిద్దా నుంచి ఇంటికి చేర్చే పని ఆయనకు పడింది. మిట్టమధ్యాహ్నం, నేల పెనంలా కాలుతోంది. అంత వేడిలో గాలి పలచబడి విమానానికి పట్టు దొరకదు, ప్రతి కిలో లెక్కకు రావాల్సిందే. ఆయన విమానం చుట్టూ తిరిగి చూసుకుంటూ మెట్ల దగ్గరికి వచ్చేసరికి, హజ్ చేసి హాజా అయిన ఖద్దూజా అనే ముసలావిడ మొదటి మెట్టు మీద చేతిసంచీతో కుస్తీ పడుతోంది. పాపం అని ఆయన సంచీ అందుకున్నాడు. భుజం ఊడి చేతికొచ్చినంత పనైంది.

"ఏంటి హాజా ఇది, రాళ్లు మూట కట్టుకొచ్చారా?"

"రాళ్లన్నీ హజ్‌లో షైతాన్ మీద విసిరేసి వచ్చాను నాయనా. ఇవి నీళ్లు."

అప్పుడు ఆయన మిగతావాళ్ల వంక చూశాడు. వరుసలో ఉన్న ప్రతివాళ్లూ ఒక పక్కకు ఒరిగి నడుస్తున్నారు, అయినా దూదిపింజలు మోస్తున్నట్టు ముఖం పెట్టారు. మెడ నరాలు తాళ్లలా ఉబ్బిన ఒక పెద్దమనిషి ఆయన్ని చూసి చిరునవ్వు కూడా నవ్వాడు. ప్రతి సంచీలోనూ హజ్ నుంచి పుణ్యతీర్థంలా తెచ్చుకునే జమ్‌జమ్ నీళ్ల డబ్బాలే.

కంపెనీ తరఫున అక్కడ బరువులు చూసే తౌఫీక్ కాగితం పట్టుకొచ్చి సంతకానికి చాచాడు. మనిషికొక డబ్బా చొప్పున తూచి కింద సామాన్ల గదిలో వేశామన్నాడు. చేతుల్లో ఉన్నవాటి సంగతేమిటని మొఖ్తార్ అడిగాడు.

"అవి జమ్‌జమ్ కదా మొఖ్తార్ గారూ. దేవుడి నీళ్లకు మనం బరువు కడతామా?"

హాస్యమాడుతున్నాడేమో అనుకున్నాడు మొఖ్తార్. తౌఫీక్ ముఖంలో హాస్యం లేదు. భక్తి ఉంది, చవకరకం భక్తి. యాత్రికుల సూట్‌కేసులో కిలో ఎక్కువైతే ముక్కుపిండి వసూలు చేసే మనిషి, విమానాన్ని కూల్చగల బరువు దగ్గరికి వచ్చేసరికి భక్తుడైపోయాడు. ఈ వేడిలో ఒక ఇంజన్ ఆగితే సముద్రం పాలవుతామని మొఖ్తార్ చెబితే, హాజీల విమానాన్ని అల్లాహ్ చూసుకోడా అన్నాడు.

మొఖ్తార్ దారి కూడా చూపించాడు. సంచులన్నీ తూద్దాం, నింపిన ఇంధనం కొంత దించేద్దాం, దారిలో ఒకచోట ఆగి మళ్లీ నింపుకుందాం, ఎవరి నీళ్లూ పోవు. దానికి ఆఫీసు ఏర్పాటు చేయాలి. ఫోన్ చేస్తే పెద్దలు ఒప్పుకోలేదు, దారిలో ఆగితే ఖర్చట. పైగా ఇంతకుముందు వచ్చిన కెప్టెన్లంతా సంతకం పెట్టారని, మొన్న మీ శిష్యుడు సోఫియాన్ నోరెత్తకుండా పెట్టాడని, మీ ఒక్కరికే ఎందుకీ ఛాదస్తమని చీవాట్లు పెట్టారు. సోఫియాన్ పేరు వినగానే మొఖ్తార్‌కు చెంప మీద కొట్టినట్టయింది. తన చేతుల్లో పని నేర్చుకున్న కుర్రాడు అతను.

ఇక మిగిలింది ఒకటే దారి, నీళ్లు దించడం. ఆ మాట మైకులో చెప్పి తలుపు వేసుకోవచ్చు. ఆయన అలా చేయలేదు. సీట్ల మధ్యకు వచ్చి నిలబడి, కారణం చెప్పి, మీ డబ్బాలు తూచి తర్వాత పంపిస్తారని చెప్పాడు. విమానం నిండా గోల లేచింది. వీడు ముసల్మానేనా అన్నారు. దాహంతో చస్తావు అన్నారు. ఖద్దూజా మాత్రం తిట్టలేదు. సంచీని ఒళ్లో బిడ్డలా పట్టుకుని అడిగింది.

"మా వీధిలో అందరికీ తలా గుక్కెడు పోస్తానని మాటిచ్చి వచ్చాను నాయనా. గుమ్మంలోకి వచ్చి చెయ్యి చాపితే వాళ్లకేం పొయ్యను?"

 ఆ మాట అనిపించుకోవాల్సింది తను కాదు, ఖర్చుకు వెనకాడి చల్లటి గదిలో కూర్చున్నవాళ్లు. కానీ ఆమె ఎదురుగా నిలబడింది తనే. వంగి, ఆమె చేతుల్లోంచి సంచీ తనే తీసుకున్నాడు. రెక్క నీడలో డబ్బాలు గోడలా పేరుకున్నాయి.  ఆ తర్వాతే మొఖ్తార్ సంతకం పెట్టాడు.

ఖసంతీనాలో చక్రాలు నేలను తాకగానే హాజీలు చప్పట్లు కొట్టడం, ఆడవాళ్లు ఆనందంతో జగారీదు కేకలు తీయడం మామూలు. ఆ రోజు ఒక్క చప్పుడు లేదు. దిగేటప్పుడు ఒక్కరూ ఆయన ముఖం చూడలేదు.

వారం తిరక్కుండా కంపెనీ ఆయన్ని పిలిచి, యాత్రికుల మనోభావాలు గాయపరిచావని పనిలోంచి పక్కన పెట్టింది. క్షమాపణ చెబితే చూస్తామంది. దొంగను పట్టిస్తే పట్టించినవాడికే సంకెళ్లు వేసినట్టుంది ఈ న్యాయం. అంతటితో ఆగినా బాగుండేది. జిద్దాలో దించిన డబ్బాలన్నింటినీ తర్వాతి విమానంలో, దాని బరువుకు తోడు, తూకం లేకుండానే ఎక్కించారు. ఆ విమానం నడిపింది సోఫియాన్. అది క్షేమంగా దిగింది. చప్పట్లు కొట్టారు. ఖద్దూజా వీధిలో తలా గుక్కెడు పోసింది. చూశారా, ఏమైనా అయిందా అని ఊరంతా ఒకటే మాట. ఏమీ కాకపోవడాన్ని మించిన అబద్ధపు సాక్షి లోకంలో లేడు.

ఒక సాయంత్రం సోఫియాన్ స్వయంగా ఒక డబ్బా మోసుకుంటూ మొఖ్తార్ ఇంటికి వచ్చాడు. లిఫ్టు చెడి ఏడాదైంది, నాలుగంతస్తులు ఎక్కి రొప్పుతున్నాడు.

"అందరి నీళ్లూ చేర్చేశాను ఉస్తాద్, ఇది మీకు. ఏమీ కాలేదు కదా, ఇక కోపం వదిలేయండి. ఆఫీసులో ఒక్కసారి తప్పయిందనండి, రేపే మిమ్మల్ని పనిలోకి పిలుస్తారు."

 జహోర్ ఆ డబ్బాలోంచి గ్లాసులో నీళ్లు పోసి ఇస్తే మొఖ్తార్ లేచి నిలబడి, నమాజు చేసే కిబ్లా వైపు తిరిగి, బిస్మిల్లా అని మెల్లగా తాగాడు. నీళ్ల మీద ఆయనకు కోపమేముంది. గ్లాసు కింద పెట్టి, శిష్యుడి వైపు తిరిగాడు.

"మొన్న నువ్వు గాల్లోకి లేచినప్పుడు విమానం బరువెంత?"

సోఫియాన్ కాగితంలోని అంకె చెప్పాడు.

"అది తౌఫీక్ లెక్క. నువ్వు లేపినదాని బరువు అడుగుతున్నాను."

సోఫియాన్ జహోర్ వంక చూశాడు. ఆమె లోపలికి వెళ్లిపోయింది. తెలియదు ఉస్తాద్ అన్నాడు చివరికి. అంతా అల్లాహ్ దయ అని గొణిగాడు.

"ఆయన దయతో నాకు పేచీ లేదురా. నిన్ను నమ్మి అంతమంది ఎక్కారు, హాయిగా నిద్రపోయారు. వాళ్లు ప్రయాణికులు, ఏమీ తెలియకపోయినా చెల్లుతుంది. ముందు సీట్లో కూర్చున్న నీకూ ఏమీ తెలియదంటున్నావు. మరి ఆ విమానాన్ని నడిపిందెవరు?"

గొంతు పెంచకుండానే అడిగాడు, పైలట్ గదిలో అడిగినట్టు. సోఫియాన్ తల ఎత్తలేదు. మర్నాడు అతనికి మళ్లీ జిద్దా ప్రయాణం ఉంది.