పచ్చమూత సీసాకి పదిమంది

పేటలో అతన్ని అందరూ గడియారం అంటారు. అంటుజబ్బు రోజుల్లో వచ్చిన పేరది. కటింగ్ షాపు బల్ల మీద జనాన్ని కూర్చోబెట్టకూడదని ఉత్తర్వు వచ్చినప్పుడు మిగతా షాపులవాళ్లు తలుపు సగం దించి దొంగచాటుగా కత్తెర ఆడించారు. ఇతనొక్కడే నోటుపుస్తకం కొని మనిషికో పావుగంట చొప్పున టైము ఇవ్వడం మొదలుపెట్టాడు. తొమ్మిదింటికి నువ్వు, తొమ్మిదింబావుకి మీరు. ముందొచ్చినవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టేవాడు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి సాయంత్రానికి తోసేసేవాడు. ఏళ్ల తరబడి ఆ బల్ల మీద పాత పేపర్లు నమిలినవాళ్లకి పద్ధతి నచ్చింది. అతనికి మరీ నచ్చింది. జన్మలో తను కనిపెట్టిన సంగతి ఇదొక్కటే అన్నట్టు నలుగురికీ చెప్పుకునేవాడు.

అలాంటి మనిషిని ఆ వారం ఒక సూదిమందు వీధుల వెంట తిప్పింది.

అతని అక్క షాపు వెనక గదిలో బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఆర్నెల్లుగా ఆమెకి రక్తస్రావం ఆగడం లేదు. గర్భసంచి తీసెయ్యాలన్నారు. ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడి, మూడోసారి ఇరవై ఎనిమిదో తేదీ ఇచ్చారు. దానికో షరతు. టీకా రెండో డోసు పడి పధ్నాలుగు రోజులు నిండి ఉండాలి, లేకపోతే వార్డులోకి రానివ్వరు. ఈ తేదీ తప్పితే మళ్లీ మూడు నెలలకే అని పెద్ద డాక్టరు చెప్పేశాడు. మూడు నెలలు ఆగే స్థితిలో ఆమె లేదు. మిషను ముందునుంచి లేస్తే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. చేతులు తను కుట్టే తెల్లచొక్కాల రంగుకి దిగిపోయాయి.

మొదటి డోసు ఆమె బడిలో పెట్టిన క్యాంపులో వేయించుకుంది. సీసా మూత రంగుని బట్టి పేటలో దాన్ని పచ్చమూత అంటారు. రెండోదీ పచ్చమూతే పడాలి. వచ్చిన చిక్కల్లా, ఇప్పుడు వస్తున్న సరుకంతా నీలంమూత. తమ్ముడు రెండుసార్లూ నీలంమూతే వేయించుకుని ఎప్పుడో ఒడ్డున పడ్డాడు.

సోమవారం పెద్దాసుపత్రికి వెళ్లాడు. గేటుకి అట్టముక్క వేలాడుతోంది, రెండో డోసు లేదని. ఎప్పుడొస్తుందని అడిగితే వాచ్‌మన్ ఆ అట్టముక్కనే చదివి వినిపించాడు. మంగళవారం మున్సిపల్ ఆఫీసు. అక్కడి గుమాస్తా ఫోన్లో బుక్ చేసుకోమన్నాడు. ఫోన్లో ఖాళీ కనబడేది. పేరు కొట్టి, పుట్టిన తేదీ కొట్టి, వంకర టింకర అక్షరాలేవో పోల్చుకుని కొట్టేలోగా ఆ ఖాళీ ఎగిరిపోయేది. పదకొండుసార్లు ఎగిరిపోయింది. బుధవారం మూడోచోట, సరుకొచ్చిందని నలభైమందిని రెండు గంటలు ఎండలో నిలబెట్టి, తీరా చూసి నీలంమూత అన్నారు. ఒక్కరూ తిట్టలేదు. అదే అతనికి ఎక్కువ మండింది. తప్పేదో తామే చేసినట్టు తలలు దించుకుని ఇళ్లదారి పట్టారు.

అదే రోజు నాలుగోది, బస్సు డిపో వెనక చిన్న ఆసుపత్రి. ఒక గది, ఒక ఫ్రిజ్, ఒక నర్సు. లేదనే మాటకి సిద్ధపడే అడిగాడు.

"ఉంది," అంది నర్సు, తలెత్తకుండా. "ఒక్క సీసా."

"అయితే మా అక్కని ఇప్పుడే తీసుకొస్తానమ్మా."

"ఒక్క మనిషి కోసం మూత ఎలా తియ్యను? అందులో పది డోసులుంటాయి. తీశాక నాలుగు గంటలే ఉంటుంది. మిగిలింది పారబోస్తే జవాబు చెప్పుకోవాల్సింది నేను. పదిమందిని తీసుకురా, తీస్తాను."

మొన్న ముగ్గురొచ్చారట, వెనక్కి పంపిందట. నిన్న నలుగురొచ్చారట, వాళ్లనీ పంపిందట. ఆ ఏడుగురూ ఒకేరోజు వచ్చుంటే ఎంత బాగుండేదో అని ఆమె నిజంగానే బాధపడింది. వాళ్ల నంబర్లు రాసుకున్నారా అంటే, అది తన పని కాదంది. గురువారం వేరే పేటలో క్యాంపు, తను ఉండదు. శుక్రవారం పన్నెండు దాకా ఉంటుంది. తర్వాత రెండు రోజులు సెలవు. వచ్చే సోమవారానికి పదహారో తేదీ. ఆ రోజు వేయించుకుంటే ఇరవై ఎనిమిదికి పధ్నాలుగు రోజులు నిండవు. వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టి చూశాడు, నిండలేదు.

గురువారం షాపులో కుర్చీ ఎక్కిన ప్రతివాడి మెడకీ గుడ్డ చుట్టి ఒకటే ప్రశ్న అడిగాడు, మీది ఏ మూత అని. గడ్డం కింద కత్తి ఆనించి అడిగితే ఎవరైనా నిజమే చెబుతారు. టైరు షాపతను మాత్రం, "ముందు కత్తి తియ్యి గడియారం, తర్వాత మాట్లాడదాం," అన్నాడు. అతనిదీ పచ్చమూతే. లెక్కల మాస్టారిదీ అదే, బస్సు కండక్టరుదీ అదే. అందరూ తిరిగి తిరిగి విసిగినవాళ్లే. సాయంత్రానికి తొమ్మిదిమంది తేలారు. అక్కతో పది.

నోటుపుస్తకం తీసి పదిమందికీ టైములు రాశాడు. అక్కకి తొమ్మిది. మాస్టారికి తొమ్మిదింబావు, కండక్టరుకి తొమ్మిదిన్నర. చివర టైరు షాపతనికి పదకొండుంబావు. ఎవరూ పడిగాపులు పడక్కర్లేదు. ఆ పేజీ చూసుకుంటే అతనికి ఆ వారంలో మొదటిసారి ఊపిరాడింది.

శుక్రవారం తొమ్మిదింటికి అక్కని ఆసుపత్రి బల్ల మీద కూర్చోబెట్టాడు. నర్సు గుమ్మం వైపు చూసింది.

"మిగతావాళ్లేరి?"

"వస్తారమ్మా. పావుగంటకొకరు."

నర్సు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పావుగంటకొకరేంటయ్యా? పదిమందీ నా కళ్లముందు ఉంటేనే మూత తీసేది."

అతను పేజీవైపు చూసుకున్నాడు. చేతిలో నోటుపుస్తకం తెరిచే ఉంది. అక్క అందులోకి తొంగిచూసింది.

"జనాన్ని పోగుచెయ్యమంటే, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకుండా విడగొట్టావేంట్రా?"

ఫోన్లు మొదలుపెట్టాడు. సగంమంది ఎత్తలేదు. ఎత్తినవాళ్లు, నువ్విచ్చిన టైముకే కదా వచ్చేది అన్నారు. మాస్టారు చెప్పిన వేళకి వచ్చి, పదింటిదాకా కూర్చుని, క్లాసుందని వెళ్లిపోయాడు. కండక్టరు వచ్చి, బస్సు బయల్దేరుతుందని వెళ్లిపోయాడు. పదిన్నరకి ఏడుగురొచ్చారు, ఉన్నది నలుగురు. ఒకరు వస్తుంటే ఒకరు పోతున్నారు. జల్లెడలో నీళ్లు పోసినట్టుంది వ్యవహారం. అక్క వెనక్కి వాలి, తల గోడకి ఆనించి కళ్లు మూసుకుంది.

అతను పరుగెత్తాడు. ఉన్నవాళ్లని కదిలితే ఒట్టేనని బల్లకి కట్టేసినట్టు కూర్చోబెట్టి, బడికి పోయి క్లాసు గుమ్మంలోంచి మాస్టారిని పట్టుకొచ్చాడు. డిపోలో ఒక ట్రిప్పు తిరిగొచ్చి మళ్లీ కదలబోతున్న బస్సుకి అడ్డం నిలబడ్డాడు. కండక్టరు ప్రయాణికులతో ఇంజను వేడెక్కిందని చెప్పి దిగొచ్చాడు. పన్నెండుకి పావుగంట ఉందనగా బల్ల మీద తొమ్మిదిమంది లెక్కకొచ్చారు. టైరు షాపతను ఫోను ఎత్తడం లేదు.

"తొమ్మిదే," అంది నర్సు.

అక్క లేచింది. గోడ పట్టుకుని నర్సు బల్లదాకా నడిచింది.

"తీస్తే ఏమవుతుందమ్మా?"

"ఒక డోసు వృథా అవుతుంది."

"అయితే?"

"ఎందుకు వృథా అయిందో రాసివ్వాలి."

"ఎంత రాయాలి?"

నర్సు సొరుగు లాగి ఒక కాగితం తీసింది. అడిగినవాళ్లు లేక అది మడత విప్పకుండానే ఉంది. విప్పి చూస్తే, కారణం అని ఒక గడి. రెండు వేళ్ల వెడల్పు. మాస్టారు వంగి పైనుంచి కిందిదాకా చదివాడు.

"పదిమంది ఉండాలని ఇందులో ఎక్కడా లేదే?"

"వృథా చెయ్యొద్దని మా పైవాళ్లు చెప్పారండీ."

"పదిమంది లేకపోతే తియ్యొద్దన్నారా?"

నర్సు కాగితం తనవైపు లాక్కుంది. అక్క బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది.

"నేను ఇంకాసేపు నిలబడలేనమ్మా. నేను పోతే అది వృథా కిందకి రాదా?"

నర్సు ఆమె చేతులవైపు చూసింది. లేచి ఫ్రిజ్ తెరిచింది.

మొదటి సూది అక్కకే వేసింది. తొమ్మిదిమందీ అయ్యాక గడిలో రాసింది, ఒకరు రాలేదు అని. రెండంటే రెండు మాటలు. ఈ రెండు మాటలు రాయాల్సొస్తుందని ఒకరోజు ముగ్గుర్నీ, మర్నాడు నలుగుర్నీ ఉత్త చేతులతో పంపేశారు. ఆ ఏడుగురిలో ఎవరి ఇంట్లో ఏ తేదీ దాటిపోతోందో అడిగిన పాపాన ఎవరూ పోలేదు. గడియారానికి ఆ మాట నోటిదాకా వచ్చింది, కానీ అక్క జబ్బ మీద ఇంకా దూది ఉంది. మింగేశాడు.

అప్పుడొచ్చాడు టైరు షాపతను, లారీ వచ్చి ఇరుక్కుపోయానంటూ, మోచేతులదాకా నల్లటి మసితో. నర్సు సీసావైపు చూసింది, కాగితంవైపు చూసింది. అతనికీ సూది వేసి, రాసింది అడ్డంగా కొట్టేసింది.

"ఇప్పుడీ కొట్టివేతకి కారణం రాయాలి," అని విసుక్కుంది.

గడియారం వరండాలోకొచ్చి ఆపరేషన్ తేదీలు చూసే గుమాస్తాకి ఫోన్ చేశాడు. డోసు పడిందన్నాడు, తేదీ చెప్పాడు. గుమాస్తా లెక్కపెట్టుకుని సరిపోయిందన్నాడు. ఇరవై ఎనిమిది ఖాయం. ముందురోజు పొద్దున ఒకసారి ఫోన్ చెయ్యండి, వార్డులో మంచం ఖాళీ ఉందో లేదో అప్పుడు చెబుతాం అన్నాడు. ఖాళీ లేకపోతే అని అడగబోయేసరికి పెట్టేశాడు.

అక్క అరగంట కూర్చోవలసిన కుర్చీలో ఉంది. "ఏమన్నార్రా?"

"ఇరవై ఎనిమిది ఖాయమన్నారు."

"అంతేనా?"

"అంతే."

అయితే బడివాళ్ల చొక్కాలు ఇరవై ఆరుకల్లా ఇచ్చెయ్యాలని, కాజాలు ఎవరిచేతనైనా కుట్టించాలని ఆమె లెక్క వేసుకోసాగింది. అతను ఫోన్ తీసి, ఇరవై ఏడో తేదీ పొద్దున ఆరింటికి అలారం పెట్టుకున్నాడు.