తవిటయ్య గారి లైన్ క్లియర్

తవిటయ్య గారికి ఒకటే జబ్బు. వచ్చిన ప్రతి మెయిలుకూ ‘లైన్ క్లియర్’ అని జవాబివ్వకుండా ఉండలేరు. రైల్వే కేబిన్‌లో ఉద్యోగం. పక్క స్టేషన్ వాళ్లు బండి పంపమంటారా అని అడిగితే లైన్ క్లియర్ ఇవ్వడమే ఆయన పని. రిటైరయ్యాక బండ్లు పోయాయి, జబ్బు మిగిలింది.

మా ఖరగ్‌పూర్ తెలుగు సంఘానికి ఒక మెయిలింగ్ లిస్టు ఉంది. ఒకరు రాస్తే అందరికీ వెళ్తుంది. దాన్ని చూసుకునేవాణ్ణి నేను. వేపపువ్వు దొరికిందని ఎవరైనా రాస్తే లైన్ క్లియర్. పాత సైకిలు అమ్ముతామంటే లైన్ క్లియర్. లాటరీ తగిలిందని దొంగమెయిలు వస్తే దానికీ లైన్ క్లియరే, అదీ అందరికీ వెళ్లేలా.

“వాడు దొంగండీ, తవిటయ్య గారూ,” అన్నాను.

“అయితే ఏటి బాబూ? డబ్బులియ్యలేదు కదా, జవాబిచ్చినాను.”

“నాను పిలిస్తే మాత్రం పలకరు,” అన్నారు ఆయన భార్య చిట్టెమ్మ గారు. “నానూ మెయిలే ఎట్టుకోవాల.”

పరిశోధన విద్యార్థి మణికంఠ ఇక తట్టుకోలేక ఉపాయం చెప్పాడు. లిస్టు మెయిళ్లన్నీ నేరుగా పక్క ఫోల్డర్లో పడేలా ఫిల్టర్ పెట్టుకోవాలి, తీరిగ్గా చదువుకోవాలి. ఫోల్డర్ పేరు ‘తర్వాత చూద్దాం’. తవిటయ్య గారు తప్ప అందరం పెట్టుకున్నాం. ప్రాణాలు హాయిగా ఉన్నాయి. ఆ ‘తర్వాత’ అనేది మాత్రం ఎవరికీ రాలేదు.

జూలైలో ఒక ముసురు మధ్యాహ్నం జంగారెడ్డిగూడెం నుంచి ఫోనొచ్చింది.

“మా అమ్మాయి ఆమని అండి. ఇంజనీరింగులో చేరడానికి ఒక్కతే బయల్దేరింది. రేపు రావలసింది, ఒకరోజు ముందే వస్తున్నానని మీ లిస్టుకి రాసింది. స్టేషనుకి ఎవరైనా వెళ్లారాండి? ఫోను కలవట్లేదు.”

ఫోల్డర్ తెరిచాను. భాష రాని ఊరు, దయచేసి ఎవరైనా రండి అని ఆ పిల్ల మెయిలుంది. ఇంతమంది తెలుగువాళ్లలో జవాబిచ్చింది ఒక్కరే. లైన్ క్లియర్.

టోటో రిక్షా ఎక్కి సుభాష్‌పల్లి పరిగెత్తాను. తవిటయ్య గారి గుమ్మంలో తడిసిన సూట్‌కేసు కనబడగానే ఊపిరి తిరిగొచ్చింది. లోపల ఆమని ఆయన ఫోనులో తండ్రితో మాట్లాడుతోంది. చిట్టెమ్మ గారు కంచంలో చేపల పులుసు వడ్డిస్తున్నారు.

“బండి లేటు బాబూ, ఇప్పుడే వొచ్చినాం. గుంట ఫోను సార్జింగైపోనాది,” అన్నారు తవిటయ్య గారు.

“స్టేషనుకి వెళ్తున్నట్టు ఒక్క మాట రాయలేకపోయారా?”

“రాసినాను కదా. లైన్ క్లియరిచ్చినోడు బండొచ్చీదాకా నిలబడాల.”

“మరి వేపపువ్వుకి కూడా ఎందుకండీ?”

“ఊరు కాని ఊర్లో ఉన్నోళ్లు బాబూ. రాసింది ఎవులో ఒకరు సూసినారని తెలిస్తే మనసుకి బాగుంటాది.”

నాకు నవ్వూ వచ్చింది, ఆయన మీద ప్రేమా పొంగింది. ఆ సాయంత్రమే అందరిచేతా ఫిల్టర్లు తీయించాను. చిట్టెమ్మ గారిని లిస్టులో చేర్చాను. ఆవిడ మొదటి మెయిలు మర్నాడు అందరికీ వచ్చింది: ‘కొత్తిమీర అయిపోయింది.’

ఈసారి తవిటయ్య గారికంటే ముందే మణికంఠ సరదాకి లైన్ క్లియర్ ఇచ్చేశాడు. ఇచ్చినవాడు నిలబడాలి కదా. సంచి పట్టుకుని మలంచా రోడ్డు మీద బజారుకి వెళ్తూ కనిపించాడు.