విత్తనకాయల క్యూలో నా చెప్పులు

విదేశంలో ఉద్యోగం నాది. భర్త, పాపతో రెండు వారాలకని కళ్యాణదుర్గం పెద్దమ్మ ఇంటికొచ్చినా. వర్క్ వీసా ఆలస్యమై ఐదు వారాలైంది. స్టాంపింగుకిచ్చిన పాసుపోర్టు చెన్నై కాన్సులేటులోనే ఉండాది. పొద్దున ఆఫీసునుంచి ఇంకో మెయిలు, ఎప్పుడొస్తావని.

దిగులుగా కూర్చుంటే పెద్దమ్మ, సర్కారు సబ్సిడీకిచ్చే వేరుశనగ విత్తనకాయల క్యూకి లాక్కుపోయింది. ఆడ వరసలో మనుషులకి బదులు వాళ్ల చెప్పులే ఉండాయి. మనుషులంతా వేపచెట్టు కింద మాట్లాడుకుంటాండారు. నేనొక్కదాన్నే ఎండలో నిలబడినా.

"నీ పాసుపోర్టు ఒక్కటే పోయి చెన్నైలో క్యూలో కూర్చోలేదా? చెప్పులు నిలబడుకోలేవా? ఇడ్సి నీడకి రామ్మే!" అనింది పెద్దమ్మ.

ఇడ్సినా. బొరుగులు తింటా, ఫోను చూడకుండా మధ్యాహ్నమంతా నవ్వినా. సాయంత్రానికీ మా వంతు రాలేదు. చెప్పులు ఆడనే పెట్టి ఉత్తకాళ్లతో ఇంటికొచ్చినాం.

రేపే వీసా వస్తే ఎట్లప్పా? నా చెప్పులకి ముందర ఇంకా పద్నాలుగు జతలుండాయి!