ఐదు పలకల బోల్టు

మా వీధిలో సైకిళ్లు బాగుచేసే వొబ్బెకి రంపం అంటే గిట్టదు. బోల్టు తుప్పుపట్టి బిగుసుకుపోతే నూనె పోసి రోజుల తరబడి కాచుకుంటాడు గాని కొయ్యడు. "కొయ్యడానికి నేనెందుకు, మాంసం కొట్టాయన లేడూ?" అంటాడు. పక్కనే నా రొట్టెల కొట్టు. పదింటి కాఫీకి రోజూ అతని దగ్గరికే వెళ్తాను. కాఫీతో ఒక్క బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత బిగించేస్తాడు. ఇరవై ఏళ్లలో రెండోది దక్కలేదు.

ఏప్రిల్‌లో ఒక ఉదయం హిస్కె తన నల్ల సైకిల్‌ని నడిపించుకుంటూ వచ్చింది. ఎనభై ఒక్కేళ్ల మనిషి. కాలవ మీది వంతెనకి కాపరిగా, పడవలొస్తే దాన్ని ఎత్తే పని చేసిన గెర్లోఫ్ భార్య. ఆయన పోయి మూడేళ్లయింది. ఒకప్పుడు ఊళ్లో ఆమెకంటే పొడుగు ఆడమనిషి లేదు. మనం మరిచిపోతే ఆమే గుర్తుచేసేది.

"ఈ సైకిల్ పెరుగుతోంది వొబ్బె. కాళ్లు నేలకి అందడం లేదు. వారంలో రెండుసార్లు వంతెన దగ్గర పడ్డాను. ఆదివారం మా అమ్మాయి వస్తుంది. అప్పటికి సీటు దిగకపోతే దీన్ని అమ్మేసి మూడు చక్రాల బండి తెస్తుందట. అది ఎక్కే బదులు నేను ఇంట్లోనే కూర్చుంటాను."

"సైకిల్ పెరగడమేంటి పిన్నీ, నువ్వే..." అని నేను మొదలుపెట్టేసరికి వొబ్బె నా కాలు తొక్కాడు.

సీటు దించడం ఐదు నిమిషాల పని. కాని సీటు బిగించిన బోల్టుకి ఏ పానా పట్టలేదు. వొబ్బె వేలితో తడిమి లెక్కపెట్టాడు. అందరి బోల్టులకీ నాలుగో ఆరో పలకలుంటాయి. దీనికి ఐదు.

"మా ఆయనే ఆకురాయితో అరగదీశాడు, దొంగలు సీటు ఎత్తుకుపోకుండా," అంది హిస్కె. "పానా ఎక్కడ దాచాడో చెప్పకుండానే పోయాడు. ఇల్లంతా వెతికాను. కొయ్యడం మాత్రం కుదరదు. అది ఆయన చేతిపని."

వొబ్బె తన రొట్టెలోని చీజ్ ముక్క తీసి బోల్టు మీద అదిమాడు. అచ్చు చక్కగా పడింది. ఆ ముక్క పట్టుకుని ఊరంతా తిరిగాడు. నీటి గొట్టాల వాల్వులు తిప్పే అతన్ని అడిగాడు, చర్చి గడియారానికి కీ ఇచ్చే ముసలాయన్ని అడిగాడు, పడవ ఇంజన్లు విప్పేవాళ్లనీ అడిగాడు. ఎవరి దగ్గరా అలాంటిది లేదు. సాయంత్రానికి చీజ్ ఎండి ముడుచుకుపోయింది. "తినెయ్, కడుపన్నా నిండుతుంది," అన్నాను. తిట్టాడు.

శుక్రవారం ఆ అచ్చు చూసి తనే ఒక పానా చేశాడు. తిప్పగానే అది జారి, బోల్టు మూల ఒకటి అరిగింది. ఇంకోసారి జారితే ఇక ఏ పానా పట్టదు. వొబ్బె ఆ పానాని పక్కన పడేసి ఇక బోల్టు ముట్టుకోలేదు. నాకు భయమేసింది.

శనివారం ఇద్దరం సైకిల్ తీసుకుని హిస్కె ఇంటికి వెళ్లాం.

"గెర్లోఫ్ ఈ సైకిల్ పని ఎప్పుడు చేసేవాడు పిన్నీ?" అని అడిగాడు వొబ్బె.

"ఏటా వసంతంలో ఒక్కరోజు. ముందు కిటికీలోని ఆ పూలమొక్కలకి మట్టి మార్చేవాడు. తర్వాత సైకిల్. అదయ్యాక మళ్లీ మొక్కలు."

"రెండుసార్లు మట్టిలో చెయ్యెందుకు?"

వొబ్బె కిటికీ దగ్గరికి నడిచాడు. కిటికీలో ఒక పాత చెక్కబూటు ఉంది. పడవలవాళ్ల దగ్గర వంతెన సుంకం తీసుకోవడానికి గెర్లోఫ్ గేలపు కర్రకి కట్టి కిందికి దించేది అదే. ఇప్పుడు దాన్నిండా పూలు. ఆయన పోయాక ఆమె నీళ్లు పోయడమే గాని మట్టి మార్చలేదు. వొబ్బె దాన్ని బోర్లించి తట్టాడు. మొక్కల వేళ్ల కింద నూనెగుడ్డలో చుట్టిన పొట్టి పానా ఉంది, ఐదు పలకలది.

బోల్టు కిర్రుమనకుండా తిరిగింది. సీటు కడ్డీ మొత్తం బయటికి లాగాడు. ఇన్నాళ్లూ గొట్టం లోపల దాగిన భాగం మీద సన్నని గీతలున్నాయి, వేలెడు ఎడం కూడా లేకుండా, ఏడు. ఒక్కోదాని పక్కన ఒక్కో సంవత్సరం. అన్నిటికంటే పై గీత గెర్లోఫ్ పోయిన ఏటిది.

ఆయన ఏటా ఆమెకి చెప్పకుండా సీటు కొంచెం కొంచెం దించుతూ వచ్చాడు. ఆ బోల్టు దొంగల కోసం కాదు, సీటు విప్పి ఆ గీతల సంగతి ఆమెతో అనేసే నాలాంటి నోటిదురుసువాళ్ల కోసం. నాకు సిగ్గేసింది.

హిస్కె గీతలన్నీ వేలితో తడిమింది. "డెబ్బై ఎనిమిదేళ్లకీ నా కాళ్లు పెళ్లినాటిలాగే నేలకి ఆనుతున్నాయని ఊరంతా చెప్పుకున్నానే," అంది. కళ్లు తుడుచుకుని, కిటికీ వైపు తిరిగి నిలబడింది.

వొబ్బె సీటు దించి, కొత్త గీత గీసి, బిగించాడు. పానాని గుడ్డలో చుట్టి బూటులో పెట్టి పైన మట్టి కప్పాడు. ఆమె సైకిలెక్కి, రెండు పాదాలూ నేలకి ఆనించి చూసుకుంది.

"వచ్చే వసంతంలో మొక్కలకి మట్టి మార్చడానికి రా వొబ్బె," అంది. "సైకిల్ సంగతి నాతో ఏమీ అనకు."