బావకు పడని సూది

నవ్వు నాలుగు విధాల చేటంటారు. మా బావను చంపడానికి ఒక్క విధమే సరిపోయింది. నవ్వించింది నేను.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే పల్లెలకు వస్తున్న రోజులు. వనపర్తిలో డిగ్రీ చదువుతూ, సెలవులకు బల్మూర్ దగ్గరున్న అక్క ఇంటికి వెళ్లాను. అక్కకు అయిదో నెల. అంతకు రెండు రోజుల ముందు బావ కాలిలో నాగలి కర్రు దిగితే, ఆవుపేడ మెత్తి గుడ్డ కట్టుకుని మళ్లీ దున్నడానికి పోయాడు. ఆ ఊళ్లో మగవాళ్ల వైద్యం అంతే. ధనుర్వాతం సూది కడుపుతో ఉన్న ఆడవాళ్లకే వేసేదని అందరి నమ్మకం.

అక్కకు ఆ సూది వేయడానికి వచ్చిన నర్సమ్మ, బావ కుంటడం చూసి ఆయనా వేయించుకోవాలని గట్టిగా చెప్పింది. బావ వెంటనే చొక్కా చెయ్యి పైకి మడిచాడు. బామ్మర్దిని కదా, ఊరుకుంటానా?

"బావా, నీకెన్నో నెల?"

అరుగు మీద ఆడవాళ్లు పగలబడి నవ్వారు. బావ కూడా నవ్వి, చెయ్యి దించుకుని పొలానికి వెళ్లిపోయాడు. గాయమైన ఎవరికైనా వేయాల్సిందేనని నర్సమ్మ వెనక నుంచి మొత్తుకుంటూనే ఉంది.

వారానికి పుండు మానింది. ఆ తర్వాతే దవడ బిగిసింది. పంటి నొప్పేమోనని లవంగం పెట్టారు. మర్నాటికి మెడ కట్టెలా అయింది, ముఖం రెండు పక్కలకూ గుంజుకుని పళ్లు బయటపడ్డాయి. జీపులో నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకుపోయాం. సూది ఎందుకు వేయించలేదని డాక్టరు మండిపడ్డాడు. చదువుకున్నవాణ్నని అందరూ నా వైపు చూశారు.

"మాకెవ్వరు చెప్పలే సార్. నర్సమ్మ మొగోళ్లకు ఎయ్యనన్నది."

పక్కనే ఉన్న అక్క తల దించుకుంది. ఆ జబ్బులో తెలివి పోదు, బావ అంతా విన్నాడు. ఆయన నోరు తెరవలేడు కాబట్టి బతికిపోయాననుకున్నాను. సిగ్గులేకుండా అలాగే అనుకున్నాను.

చీకటి చేసిన గదిలో, చిన్న చప్పుడుకే నడుము మంచం మీంచి లేచిపోతుంటే, మూడు రోజులున్నాడు. మందుల వంకతో నేను వరండాలోనే తిరిగాను. మూడో నాడు అక్క బయటికి వచ్చింది.

"తలుపు దిక్కే చూస్తుండురా. నీతోని ఏమో చెప్పాలని ఉన్నట్టుంది. జర పోరా."

పోతున్నానని చెప్పి, బస్టాండు దాకా నడిచి, వనపర్తి బస్సెక్కాను.