తాటిచెట్టుకి డెబ్బై రెండు మార్కులు

ఉద్యోగం లేని రోజుల్లో మనిషికి రాని విద్యంటూ ఉండదు. నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు, ఎమ్మెస్ పట్టా సూట్‌కేసులోనూ చదువయ్యాక పనిచేసుకోనిచ్చే ఓపీటీ కార్డు పర్సులోనూ పెట్టుకుని, అమెరికాలో మోరిస్‌విల్‌లో ఒక అపార్ట్‌మెంట్ సోఫాలో దిగబడిపోయి ఉన్న ఆ కాలంలో, ఎవరైనా ఫోన్ చేసి "నీకు గుర్రాలకి నాడాలు కొట్టడం వచ్చా?" అని అడిగినా "బేసిక్స్ తెలుసండీ" అనే చెప్పి ఉండేవాణ్ణి. ఓపీటీ మీద ఉన్నవాడు మొత్తం మీద తొంభై రోజులకి మించి ఖాళీగా ఉండకూడదు. ఉంటే పెట్టె సర్దుకోవాల్సిందే. (మిగతా చోట్ల రోజులు గడుస్తాయి. అక్కడ ఖర్చవుతాయి.) నేను అప్పటికే అరవై ఎనిమిది ఖర్చుపెట్టేశాను. ఇంక ఇరవై రెండు మిగిలాయనగా ఒక బేస్‌బాల్ జట్టు వాళ్ళు డేటా అనలిస్ట్ కావాలని పిలిచారు.

ఇంటర్వ్యూ చేసినావిడ "బేస్‌బాల్ ఫాలో అవుతావా?" అని అడిగింది. "చిన్నప్పట్నుంచీ బ్యాటూ బంతీ ఉన్న ఆట ఏదైనా నాకు ప్రాణం" అన్నాను. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అలాంటి ఆట నాకు తెలిసింది ఒకటే అన్న సంగతి ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. అలా బేస్ బొత్తిగా లేని నా బేస్‌బాల్ జీవితం మొదలైంది. ఆరు నెలల కాంట్రాక్ట్. మాది పెద్ద జట్టు కాదు. పెద్ద జట్టుకి కుర్రాళ్ళని తయారుచేసి పంపే చిన్న జట్టు. అందరి కళ్ళూ పైనున్న పెద్ద లీగు, మేజర్స్ మీదే. సీజన్ చివర్లో మా దగ్గరున్న ఎనిమిదిమంది కుర్ర బ్యాటర్ల మీద, ఎవడు ఎంత కొట్టగలడో, ఎవడు మేజర్స్‌కి సిద్ధమో, నేను సొంతంగా ఒక రిపోర్ట్ రాయాలి. "అది చూసి నిన్ను పర్మనెంట్ చేసి వీసాకి పేపర్స్ వేయాలో వద్దో చెప్తాను" అంది ఆవిడ. "థాంక్యూ మేడమ్" అన్నాను. "ఇక్కడ మేడమ్ అనరు" అంది. "సరే మేడమ్" అన్నాను. దాంతో మా ఇంట్లో ఆవిడ పేరు హెడ్ మేడమ్‌గా స్థిరపడింది.

పని నేర్పడానికి నన్ను ఒక ముసలి స్కౌట్ పక్కన కూర్చోబెట్టారు. ఆట చూసి పిల్లల భవిష్యత్తు చెప్పడమే ఆయన వృత్తి. నోట్లో ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజలుండేవి. పప్పు లోపలికి, పొట్టు చేతిలోని కాగితం కప్పులోకి. అందుకని ఆయన గింజల తాతయ్య అయ్యారు. ఇన్నింగ్సంతా కలిపి నాలుగు మాటలకి మించి మాట్లాడేవారు కాదు. ఆయన గింజలు తింటుంటే, ఏమీ అర్థంకాక పక్కన నేను గింజుకుంటూ ఉండేవాణ్ణి. మొదటివారంలోనే ఒక కుర్రాడు కొట్టిన బంతి బ్యాట్ అంచుకి తగిలి వెనక్కి దూసుకుపోతే నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. మా ఊళ్ళో అది ఫోర్. ఆయన గింజ నమలడం ఆపి నన్ను చూశారు.

"ఎందుకు కొట్టావు చప్పట్లు?"

"మంచి లేట్ కట్ కదండీ."

"అది ఫౌల్" అన్నారు. పొట్టు కప్పులోకి ఊసి, "చప్పట్లకి రూలేం లేదనుకో" అని మళ్ళీ గింజల్లో పడ్డారు.

ఆ ఎనిమిదిమందిలో టెక్సస్ కుర్రాడొకడు ఉండేవాడు. ఇరవై ఒక్కేళ్ళు, ఆరడుగుల ఆరంగుళాలు. వాడు నా లెక్కలో తాటిచెట్టు. ఒకరోజు ప్రాక్టీసులో వాడు కొట్టిన బంతి కంచె దాటి, పార్కింగ్ దాటి, నేను అయిదో చేతిగా కొన్న కారు బానెట్ మీద దిగింది. (నాకు తెలియకపోయినా అది గొప్ప షాట్ అని కారుకి తెలిసింది.) సారీ చెప్పడానికి వచ్చినవాడు నా లంచ్ డబ్బాలోని పులిహోర చూసి "అదేంటి?" అన్నాడు. రెండు స్పూన్లు తిన్నాడు. తర్వాత్నుంచి ప్రతి గురువారం సరిగ్గా పన్నెండున్నరకి వచ్చి నా ఎదురుగా కూర్చునేవాడు. "ఈ చిన్న పప్పులు కూడా తినాలా?" అని పోపులో శనగపప్పుని అనుమానంగా చూసేవాడు. సీజన్ అయ్యాక వాణ్ణి వచ్చే వసంతంలో మేజర్స్ క్యాంపుకి పంపాలా, ఇక్కడే ఇంకో ఏడాది ఉంచాలా అన్నది నేనూ తాతయ్యా రాసే రిపోర్టుల మీదే ఆధారపడి ఉందని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఎవరి మార్కులు ఎవరూ ఆటగాళ్ళకి చెప్పకూడదు. కాబట్టి పులిహోర గురించే మాట్లాడుకునేవాళ్ళం.

సెప్టెంబర్‌లో ఖాళీ ఫారం నా చేతికొచ్చింది. ఒక్కో కుర్రాడికీ కొట్టే నేర్పుకి రెండు అంకెలు; ఇవాళ ఎంత, ముందు ముందు ఎంత. పైన చిన్న అక్షరాలతో 'ఇరవై నుంచి ఎనభై' అని ఉంది. అంతే. ఈ ఇరవై నుంచి మొదలెట్టడమేమిటి, వందకి ముందే ఆగిపోవడమేమిటి అని తాతయ్యని అడగొచ్చు. అడిగితే ఆరు నెలలుగా నాకేమీ తెలియదని తెలిసిపోతుంది. అందుకని ఇంటికెళ్ళి రూమ్మేట్‌ని అడిగాను. ఆయన కరీంనగర్ అన్న, నాకన్నా రెండేళ్ళు పెద్ద. ప్రపంచంలో ఆయనకి తెలియనిది ఏదీ లేదు, ఒక్క బేస్‌బాల్ తప్ప.

"ఇండ్ల సమజ్ గానిదేముంది తమ్మీ" అన్నాడు, చపాతీ తిరగేస్తూ. "ఎనభై థియరీ. ఇరవై ఇంటర్నల్స్. ఇంటర్నల్స్ కోచ్ ఏసుకుంటడు, థియరీ నువ్వెయ్యాలె."

"మరి ఇరవై నుంచి ఎందుకన్నా?"

"పేపర్ మీద పేరు రాసినందుకు. ఇరవై దిగితే పోరగాళ్ళు పరేషాన్ అయితరని."

నాకు కళ్ళ ముందు పొర విడిపోయింది. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ళు అదే కదా మేం బతికిన బతుకు. ఎనభైకి యాభై వచ్చిందంటే ఆ సెమిస్టర్ బంధువుల పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళేవాళ్ళం కాదు. తాతయ్య గ్రౌండ్‌లో కుర్రాళ్ళని చూసి "వీడు నలభై ఐదు, నాకు భలే ఇష్టం వీడంటే" అంటూంటే ఇన్నాళ్ళూ అది వెటకారమనుకున్నాను. ఈయన మా మెకానిక్స్ సార్ లాంటి పిసినారి అన్నమాట. పిల్లల పొట్టకొట్టే బాపతు.

నేనలాంటి పాపం చేయదలచుకోలేదు. మా కాలేజీ ల్యాబ్ పరీక్షలకి బయటినుంచి వచ్చే ఎగ్జామినర్లు దేవుళ్ళు. మధ్యాహ్నం పూర్ణాలతో భోజనం చేసి, సర్క్యూట్‌లో బల్బు వెలగకపోయినా "వెలిగినట్టే ఉంది బాబూ" అని యాభైకి నలభై ఎనిమిది వేసి వెళ్ళేవారు. వాళ్ళ దయవల్లే నేను అమెరికాలో ఉన్నాను. ఆ సంప్రదాయం నిలబెట్టాలని కూర్చున్నాను. అందరికన్నా వెనకబడ్డవాడికి, అసలు బంతికీ వాడికీ పరిచయమే లేనివాడికి, ఇవాళ్టికీ రేపటికీ ఒకటే అంకెగా యాభై అయిదు వేశాను. మధ్యరకానికి అరవై మూడు. ఒకడికి అరవై తొమ్మిది వచ్చింది. ఒక్క మార్కులో పోతాడేమోనని గ్రేస్ కలిపి డెబ్బై చేశాను. తాటిచెట్టుకి డెబ్బై రెండు. డెబ్బై ఐదు వేద్దామనుకున్నాను గానీ, పులిహోర తిన్నందుకు వేశాడంటారని మూడు తగ్గించాను. (ఎగ్జామినర్‌కి విద్యార్థులు భోజనం పెట్టడం ఎరుగుదుం. ఎగ్జామినరే విద్యార్థికి పెట్టిన కేసు ఇదొక్కటే.) 'మేజర్స్‌కి సిద్ధమా?' అన్నచోట ఎనిమిదిమందికీ 'అవును' అని రాసి, తృప్తిగా సబ్మిట్ చేశాను.

మర్నాడు పొద్దున్నే మీటింగ్. గదిలో హెడ్ మేడమ్, తాతయ్య, నేను. గోడమీద నా రిపోర్ట్. హెడ్ మేడమ్ దాన్ని పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివింది. తాతయ్య కప్పు పక్కన పెట్టేశారు, నవ్వొస్తే గింజలు గొంతుకి అడ్డం పడతాయని.

"నీ లెక్క ప్రకారం ఈ ఆటలో ఇంతవరకూ ఇలాంటి జట్టు పుట్టలేదు" అంది ఆవిడ మెల్లగా. "మరి మనం పట్టికలో ఆఖర్న ఎందుకున్నాం?"

"బౌలింగ్ వీక్ మేడమ్" అన్నాను.

తాతయ్య దగ్గారు. దగ్గు చాలాసేపు తగ్గలేదు. ఆవిడ మాత్రం నవ్వకుండా "యాభై అంటే ఏమిటనుకున్నావు?" అంది. దాచి లాభం లేదని థియరీ, ఇంటర్నల్స్, బల్బు, పూర్ణాలు అన్నీ చెప్పేశాను. పూర్ణం అంటే ఏమిటో చెప్పడానికే రెండు నిమిషాలు పట్టింది. అంతా విని ఆవిడ చెప్పింది: యాభై అంటే మేజర్స్‌లో రోజూ ఆడే మామూలు బ్యాటర్. అంటే ఈ పని చేతనైన గుప్పెడు మందిలో సగటు మనిషి. అరవై అంటే పేరు మోగిపోయేవాడు. డెబ్బై అంటే వాడి కోసం టికెట్లు కొంటారు. ఎనభై అంటే తాతలు మనవళ్ళకి చెప్పుకుంటారు. అన్నీ అయిదుల్లోనే వేస్తారు. అరవై మూడు అన్న అంకె ఆవిడ ఇంతవరకూ చూడలేదు. నలభై అయిదు అంటే తాతయ్య నిజంగానే ఆ కుర్రాణ్ణి మెచ్చుకున్నారన్నమాట. యాభైకి స్వీట్లు పంచుకునే లోకం ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది.

"లంచ్ అయ్యాక మళ్ళీ వేసి పట్రా" అంది. "ఈసారి దయ వద్దు. నువ్వు చూసింది చెప్పు. అది చేతకాదంటే ఇప్పుడే చెప్పెయ్, ఇద్దరికీ టైమ్ కలిసొస్తుంది." నా మిగిలిన ఇరవై రెండు రోజులూ వరసగా కళ్ళముందు నిలబడ్డాయి.

ఏడుగురి సంగతి గంటలో తేలిపోయింది. ముప్పై అయిదులూ నలభైలూ వేస్తుంటే ప్రాణం ఉసూరుమంది గానీ వేశాను. తాటిచెట్టు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఎందుకంటే నేను వాడిలో ఒకటి చూశాను. ఆరు నెలలు వీడియోలు ముక్కలు చేసి పేర్లు పెట్టడమే కదా నా పని. రెండు వేగం బంతుల తర్వాత పిచర్ ఒక నెమ్మది బంతి వేశాడంటే, వీడి ముందుకాలు అది రాకముందే నేలమీద పడిపోయేది. కాలు పడ్డాక ఒళ్ళంతా దాని వెనకే పోయేది. ఇంక బంతి వచ్చేసరికి వాడి దగ్గర మిగిలేది రెండు చేతులే. బేస్‌బాల్ రానివాడికి కూడా అది కనిపిస్తుంది. స్లో బాల్‌కి తొందరపడి అవుటైనవాళ్ళు మా ఊళ్ళో వీధికి పదిమంది. ఈ సంగతి నా సొంత స్ప్రెడ్‌షీట్‌లో జూన్ నుంచీ ఉంది. పిల్లాడి భవిష్యత్తు కదా అని రిపోర్ట్‌లో రాయలేదు. రాస్తే వాడి క్యాంపు పోతుంది. రాయకపోతే నా ఉద్యోగం పోతుంది. పోనీ తాతయ్యని అనుసరిద్దామా అంటే, ఆయన వాడికి యాభై వేసి 'సిద్ధం' అని రాశారు.

"ఇవాళ నలభై. ముందు ముందు యాభై అయిదు. ఇంకా సిద్ధంగా లేడు" అన్నాను మధ్యాహ్నం.

తాతయ్య నమలడం ఆపేశారు. "ఎందుకు?"

ఆరు వీడియో ముక్కలు చూపించాను. మూడోది ఆయన మూడుసార్లు వేయించుకున్నారు.

"నేనెప్పుడూ వాడి చేతులే చూశాను" అన్నారు చివరికి. "చాలా అందమైన చేతులు." తర్వాత కప్పు దగ్గరికి లాక్కుని, "నా యాభై మాత్రం నాదే. మార్చను" అన్నారు.

హెడ్ మేడమ్ ఇద్దర్నీ చూసి కాగితం మీద ఏదో రాసుకుంది. "వాడు ఇక్కడే ఉంటాడు, ఇంకో ఏడాది. నువ్వు కూడా. సోమవారం లాయర్‌తో మాట్లాడు." "థాంక్యూ మేడమ్" అన్నాను. ఈసారి వద్దనలేదు.

గురువారం పన్నెండున్నరకి వాడు వచ్చాడు. కూర్చున్నాడు. డబ్బా వైపు చూడలేదు.

"క్యాంపుకి పంపట్లేదట. నువ్వెంత వేశావు?"

చెప్పకూడదని రూలు. కానీ ఆరు నెలలు నా ఎదురుగా కూర్చుని తిన్నవాడి ముఖం చూస్తూ రూలు చెప్పడం నాకు రాదు. "నలభై" అన్నాను.

"ముసలాయన అలా అనలేదే."

"ఆయన చేతులు చూశారు. నేను కాలు చూశాను." ల్యాప్‌టాప్ వాడి వైపు తిప్పాను. వాడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి చూశాడు. "మళ్ళీ వెయ్" అన్నాడు. "మళ్ళీ." ఆరోసారి తర్వాత లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజు పులిహోర మొత్తం ఇంటికి తిరిగొచ్చింది. అన్న మూత తీసి చూసి, "ఏమైంది తమ్మీ, ఉప్పెక్కువైందా?" అని, నా మొహం చూసి రెండు ప్లేట్లలో పెట్టాడు.

మరుసటి ఏడాది జూలైలో వాణ్ణి మేజర్స్‌కి పిలిచారు. రెండేళ్ళు పడుతుందని నా అంచనా, అప్పటికే సిద్ధమని తాతయ్య అంచనా. ఇద్దరివీ తప్పే. ఆ మధ్యాహ్నం నేనూ అన్నా టీవీ ముందు కూర్చున్నాం. వాడికి నాలుగుసార్లు బ్యాటింగ్ వచ్చింది (ఈ ఆటలో అవుటైనా మళ్ళీ వంతు వస్తుంది). మూడుసార్లు అవుటయ్యాడు. నాలుగోసారి నెమ్మది బంతి వచ్చింది. వాడి కాలు గాల్లోనే ఆగింది, ఆగి, అప్పుడు దిగింది. బంతి పెద్ద దూరమేం పోలేదు, ఇద్దరు ఫీల్డర్ల మధ్యనుంచి దొర్లుకుంటూ పోయి వాణ్ణి అవుటవకుండా కాపాడిందంతే. "గింతేనా?" అన్నాడు అన్న. నేను రిమోట్ అందుకుని వెనక్కి తిప్పి, వాడి కాలు దిగే ముక్కని మళ్ళీ వేశాను.

ఇప్పటికీ నేను అక్కడే పనిచేస్తున్నాను. ఎంతమంది పిల్లలకి నలభైలు వేశానో లెక్కలేదు. చెయ్యి ఆగడం ఎప్పుడో మానేసింది. నేను మంచి ఎగ్జామినర్‌నని పేరు కూడా ఉంది. అయినా ఎప్పుడైనా మరీ ఎక్కువ ముప్పై అయిదులు వేయాల్సొచ్చిన రోజున, ఎవరూ చూడకుండా ఆ మొట్టమొదటి రిపోర్ట్ తెరిచి చదువుకుంటాను. అదంతా తప్పుల తడకే, ఒక్క అంకె కూడా నిలబడదు. కానీ అందులో ఎనిమిదిమందీ మహానుభావులు, ఎనిమిదిమందీ రేపే మేజర్స్‌కి బయల్దేరుతున్నారు, రాసినవాడికి ఏ ఒక్కడి మీదా అనుమానం లేదు. అంత సంతోషంగా ఉన్న జట్టుని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.