రెడ్ ఫ్లాగ్ పిల్ల

అడవిపొలం దగ్గర రొయ్యలు ఒలిచే షెడ్డులో నా పక్కన కూర్చునేది ఆ పిల్ల. దరియాలతిప్ప నుంచి వచ్చేది. రీల్స్ చూసి కొత్త మాటలు నేర్చుకుని మా అందరికీ అంటించేది. అన్నిటికన్నా ఇష్టమైన మాట రెడ్ ఫ్లాగ్. అంటే, వీడితో జాగ్రత్త అని. సూపర్‌వైజరు కసిరితే చాలు, రొయ్య తలకాయని జెండాలా ఊపుతూ "రెడ్ ఫ్లాగక్కా!" అనేది. నన్ను చూసుకోడానికి వచ్చినవాడు టీ ఊదుకుని తాగాడని చెప్తే, వాడికీ ఊపేసింది.

తర్వాత దానికి ఇన్‌స్టాలో ఒకడు పరిచయమయ్యాడు. గంటగంటకీ లొకేషన్ పంపమనేవాడు. ఒకరోజు పనిలో ఉండగానే వీడియో కాల్ చేసి, పక్కనున్నది ఎవరో చూపించమన్నాడు. ఫోను నా వైపు తిప్పింది. అటువైపు తెరంతా నలుపు.

"మాస్కు తియ్యమను. ఆడో మగో చూడాలి," అంది గొంతు.

నేను తీశాను. ఎందుకు తీశానో ఇప్పటికీ తెలీదు.

"ఏమే, మరి ఇది రెడ్ ఫ్లాగ్ కాదా?" అన్నాను, అతను పెట్టేశాక.

"చాల్లే అక్కా. నేనంటే ప్రాణం, అందుకే అడుగుతాడు. నీకెవరూ లేరని కుళ్లు."

నాకు రోషమొచ్చి అటు తిరిగి రొయ్యలు ఒలుచుకున్నాను. మర్నాటి నుంచి వేరే బల్ల దగ్గర కూర్చుంది. వారం తిరక్కుండా, ఇంట్లో చెప్పకుండా అతని దగ్గరికి వెళ్లిపోయిందని వాళ్లమ్మ షెడ్డుకొచ్చి ఏడ్చింది. వెంటనే దానికి ఫోన్ చేశాను. మొదటి రింగుకే మగగొంతు పలికింది.

"నేనండీ, దాని ఫ్రెండుని. ఒకసారి ఇస్తారా?"

"ఆవిడికి ఫ్రెండ్సెవరూ లేరండి," అన్నాడతను, ఎంతో మర్యాదగా.